క్లాసు లోపట, లొల్లి గేటు కాడ

పొద్దుమీకి ఆరైతాంది. ముప్పై ఫీట్ల రోడ్డు మీద రెండంతస్తుల ఇల్లు. కింద డాన్స్ క్లాసు, మీద కరాటే. ఐదు గంటల బ్యాచ్ బయటికి ఒస్తాంది, ఆరు గంటల బ్యాచ్ లోపటికి పోతాంది. గా పది నిమిషాలల్లనే గల్లీల లొల్లి మొదలైతది. ‘మా గేటు ముంగట బండి తియ్యి’ అని ఒకలు, ‘రెండు నిమిషాలే కదా అన్నా’ అని ఇంకొకలు.

ఇది ఒక్క హైదరాబాద్ ముచ్చటే కాదు. వరంగల్, కరీంనగర్, సిద్దిపేట లెక్క పెరుగుతున్న ఏ టౌన్‌ల సూసినా గిదే కథ. ‘పట్నపోళ్ల పార్కింగ్ పంచాది, మనకెందుకు’ అనుకోకుండ్రి. గీ క్లాసులు పెట్టేటోళ్లల్ల ఊర్లకెళ్లి పోయిన మన పోరగాండ్లే మస్తుమంది. బ్లాక్ బెల్ట్ కొట్టినోడు, డాన్స్ నేర్చినోడు అప్పుజేసి, అడ్వాన్స్ గట్టి, ఇల్లు కిరాయికి తీస్కుంటడు. ఆర్నెల్లకు కాలనోళ్లు ఫిర్యాదు చేస్తరు, నోటీసు ఒస్తది. క్లాసు మూతబడుతది, అప్పు మిగులుతది.

మరి తప్పెవరిది? జర లెక్క సూద్దాం. బ్యాచ్‌కు ఇరవై మంది పిల్లలు. పోయేటోళ్లు, ఒచ్చేటోళ్లు కలిస్తే నలభై. సగం మంది కార్లల్ల ఒచ్చిన్రనుకున్నా ఇరవై కార్లు. కారుకు పదిహేను ఫీట్లు పట్టినా మూడు వందల ఫీట్ల రోడ్డు కావాలె. ముప్పై ఫీట్ల ముఖం ఉన్న ఇండ్లయితే పది ఇండ్ల గేట్లు బందైనట్టు. గప్పుడు ఎవలికన్న గుండెనొప్పొస్తే అంబులెన్స్ ఎట్ల పోవాలె? కాలనోళ్ల భయం ఉత్త కడుపుమంట కాదు.

అట్లని కాలనోళ్లు చెప్పేదంతా న్యాయమే అని కూడా అనలేం. ఇంటి ముంగటి రోడ్డు ఎవల పట్టా కాదు. కింద పార్కింగ్ అని ప్లాన్‌ల సూపిచ్చి, గండ్ల రూములేసి కిరాయికిచ్చి, సొంత కారు రోడ్డు మీద పెట్టేటోళ్లు ప్రతి గల్లీల ఉన్నరు. ర్యాంపు రోడ్డు మీదికి గుంజినోళ్లు ఉన్నరు. వాళ్లు పిల్లల క్లాసు మీద మాత్రమే వేలు పెడితే ఎట్ల?

అసలు అడగాల్సింది మున్సిపాలిటీని. ఇంటి కోసం పర్మిషన్ తీసుకున్న జాగల వ్యాపారం పెట్టాలంటే, మాస్టర్ ప్లాన్‌ల గా జాగ దేనికి రాసి ఉందో సూడాలె. భూమి వాడకం మార్చాలంటే దరఖాస్తు పెట్టాలె, ప్రకటన ఇచ్చి జనం అభ్యంతరాలు వినాలె. 2012ల ఒచ్చిన జీవో 168ల ఏ రకం బిల్డింగ్‌కు ఎంత పార్కింగ్ ఉండాల్నో లెక్క ఉన్నది. ఇగ జీహెచ్ఎంసీల ట్రేడ్ లైసెన్స్ ఫీజు సూడుండ్రి. జాగ ఎన్ని చదరపు ఫీట్లు, ముంగట రోడ్డు ఎంత వెడల్పు అని సూసి ఫీజు కడతరు. అంటే పైసల కోసం రోడ్డును కొలుస్తరు. సాయంత్రం గదే రోడ్డు మీద ఎన్ని బండ్లు ఆగుతయో మాత్రం కొలవరు. చదరపు ఫీట్లు రోజంతా ఒక్కతీరే ఉంటయి. లొల్లి పుట్టేది బ్యాచ్ మారే గా పది నిమిషాలల్లనే.

దీనికి తొవ్వ లేదా అంటే, ఉన్నది. ఢిల్లీల 2006ల సుప్రీంకోర్టు ఆర్డర్‌తోని ఇండ్ల నడుమ దుకాండ్లకు సీలు పడ్డది, ఊరంత అట్టుడికింది. తర్వాత 2007ల ఒచ్చిన మాస్టర్ ప్లాన్ ఒక నడిమి తొవ్వ పట్టింది. చిన్నపిల్లల స్కూళ్లు, యోగా, జిమ్, కోచింగ్ సెంటర్ల లాంటియి ఇండ్ల నడుమ ఉండొచ్చు, కానీ షరతులతోని అన్నది. రోడ్డుకు కనీస వెడల్పు ఉండాలె. వంద చదరపు మీటర్ల కట్టడానికి రెండు కార్ల జాగ లోపట్నే సూపియ్యాలె. జాగ లేకుంటే పార్కింగ్ కట్టేటందుకు పైసలు కట్టాలె. ఢిల్లీల గల్లీలన్నీ దీంతోని బాగుపడ్డయని కాదు. కానీ ‘పెట్టొద్దు’, ‘ఇష్టమొచ్చినట్టు పెట్టుకో’ అనే రెండిటి నడుమ మూడో మాట ఉన్నదని తెలిసింది.

షరతులు లేకుండ సూసీ సూడనట్టు వదిలేస్తే ఏమైతదో మీరట్ చెప్తది. ఇంటి కోసం ఇచ్చిన ప్లాటుల దుకాండ్లు కట్టిన్రు, ఏండ్లకేండ్లు నడిపిన్రు. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు కూల్చాల్సిందే అన్నది. అక్రమ బిల్డింగులల్ల వ్యాపారాలకు లైసెన్సులు ఇయ్యొద్దని కూడా చెప్పింది. కండ్లు మూసుకున్న ఆఫీసర్ల తప్పుకు కిరాయికున్నోడు కూడా మునుగుతడు.

గందుకే మన టౌన్లల్ల పర్మిషన్ ఇచ్చేటప్పుడే నాలుగు మాటలు రాయించుకోవాలె. బ్యాచ్‌కు ఎంతమంది పిల్లలు? బ్యాచ్‌కు బ్యాచ్‌కు నడుమ కనీసం పావుగంట ఎడం ఉన్నదా? బండ్లు ఎక్కడ ఆగుతయి? రాత్రి ఎన్ని గంటలకు బంద్? గా కాయితం గోడకు అంటించాలె. తప్పితే ఫైన్, మళ్ల తప్పితే లైసెన్స్ రద్దు. ఇది కాలనోళ్లకూ భరోసానే, క్లాసు నడిపేటోనికీ భరోసానే.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీరు గిట్ల క్లాసు పెట్టాలనుకుంటే అడ్వాన్స్ కట్టకముందే మున్సిపల్ ఆఫీసుల గా ఇంటి జాగ దేనికుందో అడుగుండ్రి. ‘నేను సూసుకుంట’ అనే దళారి మాట నమ్మకుండ్రి. అటెన్క సాయంత్రం ఆరింటికి గా గల్లీల అరగంట నిలవడుండ్రి. పక్కింటోళ్ల గేటు ముంగట మీ బండి కాకుండ మీరు పోయి నిలబడి, ముందుగాల ఒక మాట మాట్లాడుండ్రి. నోటీసు ఒచ్చినంక మాట్లాడితే ఎవలూ వినరు.