లెవెల్ పెంచితే రియలిజం రాదు.. స్లైడర్లు ముట్టుకోవాల్సిందే!

ఫుట్‌బాల్ గేమ్‌లో కాస్త చేయి తిరిగాక అందరం చేసే పని ఒకటే. వరల్డ్ క్లాస్‌లో ఈజీగా గెలుస్తున్నాం అనిపించగానే లెజెండరీకి వెళ్తాం. అదీ అలవాటైపోతే అల్టిమేట్‌కి వెళ్తాం. రెండు మ్యాచ్‌లు ఓడిపోగానే "హమ్మయ్య, ఇప్పుడు అసలైన ఫుట్‌బాల్‌లా ఉంది" అనుకుంటాం. నా అభిప్రాయం దీనికి పూర్తి రివర్స్. లెవెల్ పెంచే కొద్దీ గేమ్ కష్టమవుతుంది కానీ, నిజమైన ఫుట్‌బాల్‌కి ఇంకా దూరమవుతుంది. కష్టం వేరు, రియలిజం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే కెరీర్ మోడ్ చాలామందికి రెండో సీజన్‌కే బోర్ కొట్టేస్తోంది.

నేను మాట్లాడేది ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ గురించి. అంటే 2023లో ఎఫ్‌సీ 24తో పేరు మార్చుకున్న మన పాత ఫిఫా సిరీస్. అది కూడా పీసీ, కన్సోల్ వెర్షన్లలోని ఆఫ్‌లైన్ ఆట గురించే. ఫోన్‌లో వచ్చే మొబైల్ వెర్షన్‌లో ఈ స్లైడర్ల గొడవే లేదు.

టాప్ లెవెల్‌లో సీపీయూ ఎవరిలా ఆడుతుంది?

లెవెల్ పెంచితే సీపీయూ త్వరగా రియాక్ట్ అవుతుంది, ప్రెషర్‌లో కూడా పాస్ తప్పదు, మనం బాల్ తీసుకునేలోపు మీదకొచ్చేస్తుంది. బాగానే ఉంది. కానీ ఇది ఏ ఒక్క టీమ్‌కో కాదు, అన్ని టీమ్‌లకూ వర్తిస్తుంది. అసలు సమస్య ఇక్కడే ఉంది.

ఫిఫా 22లో ఇండియన్ సూపర్ లీగ్ చేరింది గుర్తుందా? మన హైదరాబాద్ ఎఫ్‌సీతో కెరీర్ మొదలుపెట్టిన వాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. ఆ లీగ్‌లో ఎక్కువమంది ప్లేయర్ల రేటింగ్ 50ల్లో, 60ల్లో ఉంటుంది. అలాంటి డిఫెండర్‌ని ఇద్దరు కలిసి ప్రెస్ చేస్తే ఏం చేయాలి? కంగారుపడి బాల్ బయటికి కొట్టాలి, లేదా తప్పు పాస్ ఇవ్వాలి. లెజెండరీలో అతను చల్లగా తిరిగి, వన్ టచ్‌లో మిడ్‌ఫీల్డర్‌కి ఇచ్చి, మళ్లీ తీసుకుని వెళ్లిపోతాడు. జెర్సీ మారింది, ముఖం మారింది, ఆట మాత్రం మాంచెస్టర్ సిటీదే. ఇంక టేబుల్‌లో చివరి టీమ్‌కీ, టాప్ టీమ్‌కీ తేడా ఎక్కడుంది?

ఫిఫా 21తో వచ్చిన కాంపిటీటర్ మోడ్ సంగతి ఇంకా క్లియర్. టాప్ లెవెల్స్‌లో పనిచేసే ఈ ఆప్షన్ ఉద్దేశమే సీపీయూని మంచి ఆన్‌లైన్ గేమర్లలా ఆడించడం. స్కిల్ మూవ్స్ వేయడం, బాక్స్ దగ్గర బాల్ దాచుకుంటూ తిప్పడం లాంటివి చేస్తుంది. ఆన్‌లైన్‌కి ప్రాక్టీస్ కావాలంటే ఓకే. కానీ అది కంట్రోలర్ పట్టుకున్న కుర్రాడిని కాపీ కొడుతోంది, గ్రౌండ్‌లో పరిగెత్తే ఫుట్‌బాలర్‌ని కాదు. రియలిజం కావాలనుకునే వాళ్లు ముందుగా ఆఫ్ చేయాల్సింది దీన్నే.

నిజం ఆటలో లెక్కలు ఎలా ఉంటాయి?

రియలిస్టిక్ అనే మాటకి కొలత ఉండాలి కదా. అదృష్టవశాత్తూ ఫుట్‌బాల్‌లో లెక్కలకు కొదవ లేదు.

2022 ఖతార్ వరల్డ్ కప్‌లో 64 మ్యాచ్‌లకు వచ్చిన గోల్స్ 172. అంటే మ్యాచ్‌కి సగటున 2.7 లోపే. ప్రీమియర్ లీగ్ 2023–24 సీజన్‌లో 380 మ్యాచ్‌లకు 1,246 గోల్స్ వచ్చాయి. 38 మ్యాచ్‌ల సీజన్లు మొదలయ్యాక అదే రికార్డు. అలాంటి గోల్స్ వర్షం కురిసిన సీజన్‌లో కూడా సగటు 3.28 మాత్రమే. ఎర్లింగ్ హాలాండ్ 2022–23లో 36 గోల్స్ కొడితే ప్రీమియర్ లీగ్ సింగిల్ సీజన్ రికార్డు అయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు కొట్టిన 2021–22 ఐఎస్ఎల్ సీజన్‌లో బార్తొలోమ్యూ ఒగ్బెచే 18 గోల్స్‌తో టాప్ స్కోరర్.

ఇప్పుడు మీ సేవ్ ఫైల్ ఓపెన్ చేసి మీ స్ట్రైకర్ గోల్స్ చూసుకోండి. 60 దాటిందా? మీ చివరి పది మ్యాచ్‌ల స్కోర్లు 5-3, 4-4, 6-2 లాగా ఉన్నాయా? అయితే మీరు ఏ లెవెల్‌లో ఆడుతున్నా సరే, అది ఫుట్‌బాల్ సీజన్‌లా లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం టైమ్. హాఫ్‌కి 6 నిమిషాలు పెట్టుకుంటే 90 నిమిషాల మ్యాచ్ 12 నిమిషాల్లోకి కుదించుకుపోతుంది. నిజం మ్యాచ్‌లో ఒక టీమ్ సుమారు 12, 13 షాట్లు కొడితే ఒకటో రెండో గోల్స్ అవుతాయి. 12 నిమిషాల్లో అన్ని షాట్లు రావు కాబట్టి, కొట్టిన కాసిన్ని షాట్లలో ఎక్కువ లోపలికి వెళ్లాలి. అప్పుడే స్కోర్‌బోర్డు నమ్మేలా ఉంటుంది. ఇక్కడో మెలిక ఉంది. ఆట బాగుండాలని హాఫ్‌ని 10 నిమిషాలు చేసి, మిగతావి అలాగే వదిలేస్తే షాట్లు పెరుగుతాయి, గోల్స్ కూడా దానికి తగ్గట్టే పెరుగుతాయి. అందుకే హాఫ్ లెంగ్త్ మార్చిన ప్రతిసారీ స్లైడర్లు కూడా మార్చాలి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే కుదరదు.

నా సెట్టింగ్స్ ఇవీ

స్లైడర్లు రెండు సెట్లుగా ఉంటాయి. ఒకటి యూజర్‌కి, ఇంకోటి సీపీయూకి. అన్నీ డిఫాల్ట్‌గా 50 దగ్గర ఉంటాయి, 0 నుంచి 100 వరకు జరపొచ్చు. నేను మొదలుపెట్టమని చెప్పేది ఇలా:

లెవెల్: వరల్డ్ క్లాస్. కాంపిటీటర్ మోడ్ ఆఫ్.
హాఫ్ లెంగ్త్: 10 నిమిషాలు.
పాస్ ఎర్రర్: సీపీయూకి 65, యూజర్‌కి 55.
షాట్ ఎర్రర్: ఇద్దరికీ 60.
ఫస్ట్ టచ్ కంట్రోల్ ఎర్రర్: ఇద్దరికీ 60.
పాస్ స్పీడ్: ఇద్దరికీ 45.
స్ప్రింట్ స్పీడ్: ఇద్దరికీ 47.
రన్ ఫ్రీక్వెన్సీ: ఇద్దరికీ 40.
గోల్‌కీపర్ ఎబిలిటీ: ఇద్దరికీ 50. మొదట్లో ముట్టుకోవద్దు.

ఇదేం వేదం కాదు. మీ ఎడిషన్‌ని బట్టి, మీ చేతిని బట్టి మారుతుంది. ఏ ఐడియాతో పెట్టానో తెలిస్తే మీకు సరిపోయేలా మార్చుకోవచ్చు.

వీటిలో హీరో ఫస్ట్ టచ్ ఎర్రర్. బాల్ కాలికి అతుక్కున్నట్టు ఉంటే రేటింగ్ 60 ఉన్నవాడికీ 88 ఉన్నవాడికీ తేడా కనపడదు. కొంచెం పెంచి చూడండి, గట్టిగా వచ్చిన పాస్‌ని నార్మల్ ప్లేయర్ అర అడుగు దూరంగా తన్నుకుంటాడు. ఆ అర అడుగులోనే మీ ప్రెస్సింగ్‌కి ఛాన్స్ దొరుకుతుంది. మంచి ప్లేయర్ మాత్రం అదే బాల్‌ని హాయిగా కంట్రోల్ చేస్తాడు. కోట్లు పోసి కొన్న మిడ్‌ఫీల్డర్ ఎందుకు అంత ఖరీదో మీకు అప్పుడు అర్థమవుతుంది. ట్రాన్స్‌ఫర్ మార్కెట్‌కి ఒక అర్థం వస్తుంది.

రెండోది రన్ ఫ్రీక్వెన్సీ. డిఫాల్ట్‌లో వింగర్లు, ఫుల్‌బ్యాక్‌లు అందరూ ఒకేసారి ముందుకు దూసుకుపోతారు. ఒక త్రూ బాల్ వేస్తే గోల్. తగ్గిస్తే మిడ్‌ఫీల్డ్‌లో జనం ఉంటారు, ఓపికగా పాస్‌లు ఇచ్చుకుంటూ దారి వెతకాల్సి వస్తుంది.

స్పీడ్ మాత్రం మరీ తగ్గించకండి. 30కి లాగేస్తే అందరూ నీళ్లలో పరిగెడుతున్నట్టు ఉంటారు, ఎంబాపే కూడా సాదా ప్లేయర్ అయిపోతాడు. రెండు మూడు పాయింట్లు చాలు.

తప్పు మన చేతిలోంచి రావాలి

యూజర్ సైడ్ ఎర్రర్ స్లైడర్లతో నాకు ఒక ఇబ్బంది ఉంది. నేను కరెక్ట్‌గా గురి పెట్టి పాస్ ఇచ్చినా, గేమ్ లోపల పాచిక వేసి "ఈసారి తప్పిద్దాం" అంటే ఒళ్లు మండుతుంది. అందుకే దీనికంటే మంచి దారి కంట్రోల్స్‌లోనే ఉందంటాను. పాసింగ్ అసిస్టెన్స్‌ని అసిస్టెడ్ నుంచి సెమీకి మార్చండి. అప్పుడు దిక్కు, బలం ఎక్కువగా మీవే. పాస్ తప్పితే అది మీ బొటనవేలి తప్పు. సెమీకి మారితే యూజర్ పాస్ ఎర్రర్‌ని తిరిగి 50కి తెచ్చేయండి, లేకపోతే డబుల్ శిక్ష అవుతుంది. మొదటి వారం నరకంలా ఉంటుంది. పదిహేను మ్యాచ్‌ల తర్వాత మళ్లీ అసిస్టెడ్‌కి వెళ్లి చూడండి, గేమ్ మీ తరఫున ఎంత పని చేసిపెట్టేదో తెలిసిపోతుంది.

ట్యూనింగ్ అంటే డీబగ్గింగే

పగలంతా కోడ్ రాసే వాడిగా నాకు ఇందులో ఒక రూల్ పక్కా. ఒకసారి ఒకటే మార్చాలి. ఐదు స్లైడర్లు ఒకేసారి కదిపితే దేనివల్ల ఏం మారిందో బ్రహ్మకి కూడా తెలియదు. ఒకటి మార్చండి, ఐదు మ్యాచ్‌లు ఆడండి, మ్యాచ్ అయ్యాక వచ్చే స్టాట్స్ ఫోన్‌లో నోట్ చేసుకోండి. షాట్లు, గోల్స్, పాస్ పర్సెంటేజ్, ఫౌల్స్.. ఈ నాలుగు చాలు. ఆ ఐదు మ్యాచ్‌ల్లో ఒక పెద్ద టీమ్, ఒక అడుగు టీమ్ ఉండేలా చూసుకోండి. రెండు టీమ్‌ల పాస్ పర్సెంటేజ్ ఒకేలా వస్తే ఎర్రర్ ఇంకా తక్కువున్నట్టే.

ఇంకో చిట్కా. కిక్ ఆఫ్‌లో సైడ్ సెలెక్ట్ చేసే దగ్గర కంట్రోలర్‌ని మధ్యలోనే వదిలేయండి. సీపీయూ వర్సెస్ సీపీయూ మ్యాచ్ నడుస్తుంది. టీ తాగుతూ చూడండి. మీ ఆట కలవకుండా సీపీయూ స్లైడర్లు ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి ఇంతకంటే క్లీన్ టెస్ట్ లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన రూల్: ఓడిన వెంటనే స్లైడర్ మెనూ ఓపెన్ చేయొద్దు. ఆఫ్‌లైన్‌లో అంపైర్ మనమే, ప్లేయర్ మనమే. 0-1తో ఓడగానే సీపీయూ షాట్ ఎర్రర్ రెండు పాయింట్లు పెంచితే ఎవరూ అడగరు. కానీ ఆ తర్వాత వచ్చిన కప్పుకి విలువ ఉండదు, ఆ సంగతి మనకి తెలుసు. సెట్టింగ్స్ ప్రీ సీజన్‌లో ఫిక్స్ చేసి, సీజన్ మధ్యలో ముట్టుకోకపోవడమే మంచిది.

"గేమ్ అంటే టైమ్‌పాస్ కదా బ్రో!"

ఈ మాటని కొట్టిపారేయను. హాఫ్‌కి 10 నిమిషాలంటే మెనూలు, రీప్లేలు కలిపి మ్యాచ్‌కి 25 నిమిషాలు. 38 లీగ్ మ్యాచ్‌లకి దాదాపు 16 గంటలు, కప్పు మ్యాచ్‌లు కాకుండా. ఆఫీసు, కాలేజీ చూసుకుని రోజుకి ఒక్క మ్యాచ్ ఆడేవాడికి సీజన్ అంటే నెల దాటుతుంది. ఫ్రెండ్స్ రూమ్‌కి వచ్చినప్పుడు 4 నిమిషాల హాఫ్, 6-5 స్కోరు, అరుపులు.. అదో మజా. దానికి స్లైడర్లు అక్కర్లేదు.

కానీ కెరీర్ మోడ్ కథ వేరు. అక్కడ మనం ఒక క్లబ్‌ని ఏళ్ల తరబడి పెంచుతున్నాం. ప్రతి మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొడితే ఏ గోల్ గుర్తుంటుంది? రెండు 0-0లు, ఒక 1-2 ఓటమి తర్వాత 84వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన హెడర్ గుర్తుంటుంది. గోల్ కరువైతేనే గోల్‌కి విలువ. అందుకే టైమ్ తక్కువున్నా నేను 10 నిమిషాల వైపే. కావాలంటే చిన్న మ్యాచ్‌లు కొన్ని సిమ్ చేసేయండి.

ఇంకో లాభం కూడా ఉంది. 90వ నిమిషంలో గోల్ తింటే "స్క్రిప్టింగ్" అని అరవడం మనకి అలవాటు. మన ఓటములను లోపల ముందే రాసి పెట్టారనే ఆరోపణని ఈఏ ఎన్నోసార్లు ఖండించింది, అయినా అనుమానం పోదు. మన స్లైడర్లు మనమే పెట్టుకుంటే ఆ చిరాకు చాలా తగ్గుతుంది. రూల్స్ రాసింది మనమే కదా.

కంపెనీ చేయాల్సింది కూడా ఉంది

ఎఫ్‌సీ 26లో కాంపిటిటివ్, ఆథెంటిక్ అని రెండు వేర్వేరు గేమ్‌ప్లే ప్రీసెట్లు వచ్చాయి. ఆన్‌లైన్ ఆట, కెరీర్ ఆట ఒకటి కాదని ఈఏ ఒప్పుకున్నట్టే. మంచి అడుగు. కానీ స్లైడర్ మెనూ మాత్రం ఏళ్లుగా దాదాపు అలాగే ఉంది. పాస్ ఎర్రర్ 50 నుంచి 60కి వెళ్తే లోపల ఏం మారుతుందో ఎక్కడా చెప్పదు. డాక్యుమెంటేషన్ లేని కాన్ఫిగ్ ఫైల్ ఇచ్చి "మీరే చూసుకోండి" అన్నట్టుంది. వేల రూపాయలు పెట్టి గేమ్ కొని, అల్టిమేట్ టీమ్ ప్యాక్‌ల జోలికి పోకుండా ఇంట్లో ఆడుకునే వాడు కూడా కస్టమరే. అతనికి మూడు కావాలి: ప్రతి స్లైడర్‌కి అర్థమయ్యే వివరణ, లీగ్‌ని బట్టి ప్రీసెట్లు, పెట్టుకున్న సెట్టింగ్స్‌ని ఒక కోడ్‌తో ఫ్రెండ్‌కి పంపే వీలు.

అవి వచ్చేదాకా పని మన చేతుల్లోనే ఉంది. ఈ వీకెండ్ లెజెండరీ నుంచి ఒక మెట్టు దిగండి. ఫస్ట్ టచ్ ఎర్రర్ ఒక్కటే 60 చేసి ఐదు మ్యాచ్‌లు ఆడి చూడండి. లెవెల్ తగ్గించినందుకు ఎవరైనా నవ్వితే, వాళ్ల స్ట్రైకర్ ఈ సీజన్‌లో ఎన్ని గోల్స్ కొట్టాడో అడగండి.