పలక మీద కోచ్ పేరు
మార్కాపురం పలక మీద రాసి తుడిచినంత తేలిగ్గా ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ కోచ్‌లను మార్చింది. 2016లో కప్పు తెచ్చిన టామ్ మూడీని 2019లో పంపేశారు. బేలిస్ వచ్చాడు, పోయాడు. 2022లో మళ్లీ మూడీనే! మరుసటి ఏడు లారా, జట్టేమో అట్టడుగున పదో స్థానంలో. వెటోరిని తెచ్చినప్పుడు గిద్దలూరు టీకొట్ల దగ్గర ‘బెంగళూరుకి కప్పు తేలేనోడు ఇక్కడేం తెస్తాడబ్బా’ అన్నవాళ్లే, 2024లో అదే బెంగళూరు మీద 287 పరుగులు కొట్టాక ‘నేనప్పుడే చెప్పలా’ అన్నారు. (నేనూ అన్నాను లెండి.) నన్నడిగితే ఆ గొప్ప వెటోరి ఒక్కడిదే కాదు. ఆటగాళ్ల వేలంలో కమిన్స్‌కు 20.5 కోట్లు, హెడ్‌కు 6.8 కోట్లు పెట్టడంలోనే సగం పని అయిపోయింది. కోచ్ పేరు మీద గొంతులు చించుకునేవాళ్లు ఆ వేలం బల్ల జోలికి మాత్రం పోరు.