చీరా సీసా ఒక్కతల్లి బిడ్డలే

ఒకే మనిషి ఒక ఇంట్లో మేనమామ, ఇంకో ఇంట్లో బావగారు, ఆఫీసులో హెడ్ గుమాస్తా. పిలుపు మారిందని మనిషి మారడు. మన ఇళ్ళలో కొన్ని వస్తువులు కూడా యిలాగే మారుపేర్లతో మసలుతూ వుంటాయి. బీరువాలోని మడత నలగని చీర, ఫ్రిజ్‌లోని మంచినీళ్ళ సీసా, దిండులో కూరిన తెల్లటి పీచు, అటకమీది పాత కాసెట్టులో టేపుకు ఆధారమైన పల్చటి పొర — యివన్నీ ఒకే పదార్థమంటే మా కాలేజీ పిల్లలే నమ్మలేదు. బట్టగా వున్నప్పుడు దాన్ని పాలిఎస్టరు అంటాం. సీసాగా వున్నప్పుడు పెట్ అంటారు. పూర్తిపేరు పాలిఇథిలీన్ టెరిఫ్తలేట్. నోరు తిరగని దండకంలా వుంది గాని, భయపడనక్కర్లేదు.

తెలుగు మాష్టారికి రసాయనశాస్త్రంతో పనేమిటని మీరడగవచ్చు. తరచి చూస్తే యిది మా వ్యాకరణంలోని సంధి వ్యవహారమే. 'రాముడు', 'ఎక్కడ' కలిసి 'రాముడెక్కడ' అయినప్పుడు మధ్యనున్న ఉకారం లోపిస్తుంది. అలాగే ఒక ఆమ్లమూ ఒక ఆల్కహాలూ కలిసినచోట ఒక నీటి అణువు లోపిస్తుంది. ఆ అతుకు పేరే ఎస్టరు. యిక్కడ కలిసేవి టెరిఫ్తాలిక్ ఆమ్లమూ, ఇథిలీన్ గ్లైకాలూను. ఈ రెంటికీ చెరి రెండేసి చేతులున్నాయి గనుక అతుకు ఒకదానితో ఆగదు. చేయీ చేయీ పట్టుకుని గొలుసు సాగిపోతుంది. దీర్ఘసమాసమన్నమాట! యీ గొలుసును 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే యిద్దరు తయారుచేశారు. వారు పనిచేసింది కాలికో ప్రింటర్స్ అసోసియేషన్ అనే బట్టల అద్దకం సంస్థలో. ఆ పోగుకు ఆ దేశంలో టెరిలీన్ అనీ, అమెరికాలో డేక్రాన్ అనీ పేర్లు పెట్టారు.

మన ఇళ్ళలో యిది మొదట అడుగుపెట్టింది బట్టగానే. 1960, 70 దశకాల్లో టెరిలిన్ చొక్కా, టెరికాటు పంట్లాం వేసుకున్న పెళ్ళికొడుకు దర్జాయే వేరు. మా నాన్నగారి పెళ్ళినాటి పంట్లాం మడత నేను హైస్కూలుకు వెళ్ళేనాటికి కూడా కత్తివాదరలా నిలిచివుంది. పంట్లామే ఆయనకు పట్టడం మానేసింది!

యీ పదార్థంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, దాని గుణాలూ దోషాలూ ఒకే వేరునుంచి పుట్టాయి. ఒకటి కావాలంటే రెండోదీ వెంటవస్తుంది.

నీటి సంగతే చూడండి. 100 గ్రాముల నూలు మామూలు గాలిలోంచే ఏడెనిమిది గ్రాముల తేమ పీల్చుకుని వుంటుంది. పాలిఎస్టరు అరగ్రాము కూడా పీల్చదు. అంచేతనే ముసురుపట్టిన రోజుల్లో రాత్రి ఉతికి ఆరేసిన చీర తెల్లవారి కట్టుకుని ఉద్యోగానికి వెళ్ళవచ్చు. అంచేతనే మే నెలలో విజయవాడ బస్సులో అదే చీర ప్రాణం ఉక్కబెట్టేస్తుంది. నీళ్ళు పీల్చనిది చెమట మాత్రం పీలుస్తుందా? చలికాలం పొడిగాలిలో చొక్కా విప్పుతూంటే చిటపటమనడమూ యీ తేమ లేనితనంవల్లనే. చంటిపిల్లలకూ, ఎండనపడి తిరిగేవారికీ నూలే మేలు. టెరికాటు అన్నది యీ రెంటికీ కుదిర్చిన రాజీ.

యిక రెండోది, యిది కుళ్ళదు, చెదలు పట్టదు. 1950 దశకంలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మైఖేల్ డిబేకీ అనే శస్త్రవైద్యుడు, పాడైన రక్తనాళాలకు బదులు గొట్టాలు కుట్టడానికి గుడ్డ కొందామని దుకాణానికి వెళ్ళాడు. నైలాను అయిపోయింది, డేక్రాన్ వుందన్నారు. అదే కొనుక్కువచ్చి, భార్య కుట్టుమిషనుమీద కుట్టాడు. గుండెనుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం దెబ్బతింటే యీనాటికీ డేక్రాన్ గొట్టాలు అతుకుతూనే వున్నారు. మనిషి ఒంట్లోనే ఏళ్ళతరబడి చెక్కుచెదరనిది మన వీధి మురుగుకాలవలో మాత్రం ఎందుకు కుళ్ళుతుంది? అందుకని సీసాను కాలవలోకి విసరకండి. అడుగున బాణాల ముక్కోణంలో 1 అంకె వుంటే అది యీ జాతిదే. పాతసామాన్ల అబ్బాయికి వేస్తే, కడిగి, ముక్కలుచేసి, కరిగించి పోగుతీస్తారు. నిన్నటి సీసా రేపు దిండులోకి రావచ్చు.

మూడోది వేడి. అన్నిటికన్న జాగ్రత్త పడవలసింది యిక్కడే. వేడిచేస్తే మెత్తబడడం, చల్లారితే యిచ్చిన రూపాన్ని పట్టుకుని వుండడం దీని స్వభావం. నాన్నగారి పంట్లాం మడత నిలిచింది అందువల్లనే. సీసా పుట్టుక కూడా అందులోదే. అది మొదట పైన మర వున్న చిన్న గొట్టం. దాన్ని వేడిచేసి, నిలువునా సాగదీసి, లోపలికి గాలి ఊది అడ్డంగానూ సాగదీస్తారు. అలా సాగడంలో గొలుసులన్నీ బారులుతీరి, పల్చటి గోడకు సోడా గ్యాసును బిగబట్టగల సత్తువ వస్తుంది. 1973లో నెథేనియల్ వైయెత్ అనే అమెరికన్ ఇంజనీరు యీ సీసాకు పేటెంటు పొందాడు.

మా పక్కింటి పిన్నిగారు ఒకనాడు మనవడికి జలుబుచేసిందని కాగిన నీళ్ళు అలాంటి సీసాలో పోశారు. అది వంకరలు తిరిగి ముడుచుకుపోయింది. "ఎంత నాసిరకం సీసా అంటగట్టాడయ్యా!" అని ఆవిడ కొట్టువాణ్ణి దులిపేశారు. పాపం, అతని తప్పేం లేదు. 70, 80 డిగ్రీల దగ్గర యీ పదార్థం మెత్తబడుతుంది. సాగదీసిన గొలుసులు మళ్ళీ ముడుచుకుంటాయి. కాగే నీళ్ళు 100 డిగ్రీలాయె! పైగా, దీని తయారీలో వాడే యాంటిమొనీ అతిస్వల్పంగా నీళ్ళలోకి దిగుతుంది. వేడికొద్దీ అది హెచ్చుతుంది. అంచేత వేడి పాలకూ, చారుకూ స్టీలే సరి. ఎండలో నిలిపిన కారులో మంచినీళ్ళ సీసా వదిలిపెట్టకండి.

సీసా ముడుచుకుపోతే పోయేది పది రూపాయలు. చీర సంగతి అలా కాదు. నూలు కాలితే బూడిద అవుతుంది. పాలిఎస్టరు 250 డిగ్రీలు దాటాక కరుగుతుంది. కరిగిన ముద్ద ఒంటికి అంటుకుని, ఊడిరాక, లోతుగా కాలుస్తుంది. గ్యాసుపొయ్యి మంట వేడి దానికి ఎన్నో రెట్లు. అలాగని నూలుతో ప్రమాదం లేదనుకునేరు. వేలాడే పల్చటి నూలు పైట యిట్టే అంటుకుంటుంది. టెరికాటుదీ మొండి మంటే. అందులోని నూలు దీపపు వత్తిలా నిలబడి, కరిగినదాన్ని జారిపోనివ్వకుండా మండిస్తుంది.

అంచేత పొయ్యిదగ్గరకు నూలుచీరతో, కొంగు నడుముకు బిగించి వెళ్ళడం మంచిది. దీపావళినాడు పిల్లలకు తళుకుల గౌన్లు పగలు తొడిగి ముచ్చట తీర్చుకోండి. మతాబులు వెలిగించేవేళకు ఒంటికి పట్టివుండే నూలుబట్టలు వెయ్యండి. కర్మంజాలక నిప్పంటుకుంటే పరుగెత్తనివ్వకండి. నేలమీద దొర్లించండి, మందపాటి నూలుదుప్పటో కంబళో కప్పి ఆర్పండి. కాలినచోట 20 నిమిషాలసేపు కుళాయినీళ్ళు ధారగా పోస్తూ వుండండి. చర్మానికి అంటుకుపోయిన బట్టను లాగకండి, దానితోపాటు చర్మమూ వస్తుంది. సిరా, వెన్న, టూత్‌పేస్టు, ఐసు ఏవీ వద్దు. ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

యిదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. "బాగానే వుంది. రోజూ నూలుచీరలకు గంజిపెట్టి ఇస్త్రీ చేసేదెవరు, మీరా?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఆనాటినుంచి మా ఇంట్లో ఆదివారం ఇస్త్రీపెట్టె నా చేతికి వచ్చింది. నూలుకు పెట్టిన వేడితో పాలిఎస్టరు జోలికి వెళ్ళకూడదని మీకు వేరే చెప్పాలా!