శాతం చాలదు, కారణం చెప్పాలి

దివ్యాంగుల చీఫ్ కమిషనర్ కోర్టు ఢిల్లీలోని ద్వారక సెక్టార్ 10లో ఉంది. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తనంతట తానే విచారణ చేపట్టే అధికారం దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని 75వ సెక్షన్ దానికిచ్చింది. జన్యుపరమైన ఎముకల జబ్బుల విషయంలో ఆ అధికారాన్ని ఇక వాడాలి.

ఈ చట్టం మరుగుజ్జుతనాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది, ఉద్యోగాల్లో కోటా ఇచ్చింది. మంచిదే. కానీ వైకల్యాన్ని ధ్రువీకరించే మన సదరం శిబిరంలోనైనా, ఢిల్లీ ఆసుపత్రి బోర్డు దగ్గరైనా చేతికొచ్చే పత్రం వైకల్యం ఎంత శాతమో చెబుతుంది. ఏ జన్యువు వల్ల వచ్చిందో, తర్వాతి బిడ్డకూ వస్తుందో రాదో చెప్పదు. అలాంటి పిల్లల తల్లిదండ్రులను నిద్రపోనివ్వని ప్రశ్న అదే.

జవాబు జన్యువును బట్టి మారుతుంది. మరుగుజ్జుతనానికి ప్రధాన కారణమైన అకాండ్రోప్లాసియా ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో మార్పు వల్ల వస్తుంది. ఇలా పుట్టిన పదిమందిలో దాదాపు ఎనిమిది మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లే. వారికి మళ్లీ అలాంటి బిడ్డ పుట్టే అవకాశం చాలా తక్కువ. తల్లికో తండ్రికో ఆ జబ్బుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ సగానికి సగం అవకాశం. పెళుసు ఎముకల జబ్బు చాలామందిలో కొల్లాజెన్ జన్యువుల లోపంతో వస్తుంది. కొన్ని రకాలు మాత్రం ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే బయటపడతాయి, అప్పుడు ముప్పు నాలుగో వంతు. మేనరికాల్లో ఎక్కువగా కనిపించేవి ఈ రకాలే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి చుట్టాల మధ్యే జరుగుతున్నందున మేనరికం గురించి హెచ్చరించాల్సిందే. అలాగని ప్రతి కేసునూ దాని ఖాతాలో వేయడం, కోడలిని ఆడిపోసుకోవడం అజ్ఞానం.

కారణం తెలియకపోతే వైద్యమూ దారి తప్పుతుంది. మంచం దిగబోయి కాలు విరగ్గొట్టుకున్న పిల్లాడికి కట్టు కట్టి పంపేస్తారు. మళ్లీ విరిగితే మళ్లీ కట్టు. పెళుసు ఎముకల జబ్బుకు గుర్తుగా కనుగుడ్డులోని తెల్లభాగం నీలంగా ఉందేమోనని చూసేవారు అరుదు. పైగా కన్నవాళ్లే కొట్టారన్న అనుమానం. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఈ జబ్బుకూ, మూలుగ మార్పిడితో నయమయ్యే మరో ఎముకల జబ్బు ఆస్టియోపెట్రోసిస్‌కూ చోటిచ్చింది. 2022లో సాయాన్ని రూ.50 లక్షల వరకు పెంచారు. కానీ ఆ డబ్బు ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్ సీడీఎఫ్‌డీ-నిమ్స్ వంటి ఎంపికచేసిన కేంద్రాల ద్వారానే అందుతుంది. జబ్బు పేరే తేలని కుటుంబం అక్కడిదాకా ఎలా వెళ్తుంది?

జన్యు పరీక్షలంటే ఇలాంటి పిల్లలను పుట్టనివ్వకుండా చేయడమేనన్న భయం కొందరిది. అది తీసిపారేయదగ్గది కాదు. అందుకే పరీక్షకు ముందూ తర్వాతా ఓపికగా విడమరిచి చెప్పే కౌన్సెలర్ ఉండాలి, నిర్ణయం దంపతులదే కావాలి. తెలియకుండా ఉంచడం మాత్రం ఎవరినీ కాపాడదు.

కమిషనర్ కోర్టు చేయాల్సిన సిఫార్సులు మూడు. ఎముకల జబ్బు అనుమానమున్న ప్రతి బిడ్డనూ వైకల్య బోర్డే జన్యు కేంద్రానికి పంపాలి. పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితంగా, కుటుంబం మాట్లాడే భాషలో అందాలి. వంకర పాదాలను, తుంటి లోపాన్ని వెతికే బాలస్వాస్థ్య కార్యక్రమం ఈ జబ్బులనూ తన జాబితాలో చేర్చుకోవాలి. సిఫార్సు అందిన 3 నెలల్లో తీసుకున్న చర్య తెలపాలని 76వ సెక్షన్ ప్రభుత్వ విభాగాలను ఆదేశిస్తోంది. చట్టం సిద్ధంగా ఉంది, కమిషనర్ కదలాలి.