నేల యెవరిది?

హైదరాబాదు మెట్రోరైలు నగరవీథుల నడుమ స్తంభములపై నడచుచున్నది. 2017 నవంబరు 28వ తేదీన ప్రారంభింపబడిన యీ మార్గము మూడు శాఖలుగా సుమారు 69 కిలోమీటర్లు వ్యాపించినది. స్టేషనుల నిర్మాణక్రమము నగరవాసుల కెల్లరకును పరిచితమే. వీథి ప్రక్కలనుండి మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టులు, వానిపైన టిక్కెట్ల యంతస్తు, దానిపైన ప్లాటుఫారములు. రెండుమార్గములు కలియు అమీర్‌పేటలో నొక మార్గముపైన మఱియొక మార్గము నిలిచియున్నది. ఇంతపని స్వదేశీయులైన యింజనీర్లు, కూలీలు సాధించినందులకు మేము గర్వించుచున్నాము.

కాని యీ యంతస్తులను లెక్కించువారు ఒక యంతస్తును మఱచుచున్నారు. అది నేల. పైన చలువగాలి, తళతళలాడు రాళ్లు. క్రింద పలుచోట్ల గుంటలు, అడ్డముగా నిలిపిన బండ్లు, తెగిపోయిన నడకబాట. చక్రపుకుర్చీలో వచ్చువానికి లిఫ్టు గలదు. ఆ లిఫ్టు దాక పోవు దారి యేది? ద్వారము తెఱచి దారి మూయుట ఆహ్వాన మగునా?

2019 సెప్టెంబరు 22న అమీర్‌పేట స్టేషను క్రింద వానకు తలదాచుకొనిన యొక యువతిపై కాంక్రీటు పెచ్చు ఊడిపడి యామె ప్రాణము గొన్నది. స్టేషను రైలెక్కువారికే కాదు, దాని నీడను నడచువారికిని జవాబు చెప్పవలసినదని యీ ఘోరము చాటినది.

“మెట్లవఱకే మా బాధ్యత, క్రిందిది పురపాలకులది” యని కొందఱు వాదింతురు. ఈ వాదము న్యాయస్థానమున నిలుచునేమో కాని న్యాయమున నిలువదు. స్తంభము నాటునాడు తమదైన వీథి గుంట పూడ్చునాడు పరుల దగునా? ఆ వీథి ప్రజలది. నిర్మాణమునకు ప్రజాధనమును వెచ్చింపబడినది. నడకబాటపై పాదచారుల హక్కు రాజ్యాంగము 21వ అధికరణమున నిమిడియున్నదని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టపఱచినది. వికలాంగుల హక్కుల చట్టము 2016లోనే పుట్టినది. చట్టమునకు కొఱత లేదు; చిత్తశుద్ధికే కొఱత.

చిల్లరవర్తకుని తఱిమిన చాలునను వారితో మే మేకీభవింపము. బీదవాని బుట్ట తీసి ధనికుని కారు నిలుపుట సంస్కరణము కాదు.

మేము కోరునవి మూడు. ఏటేట వానకాలమునకు ముందు స్టేషను అడుగుభాగమును పరీక్షించి ఫలితమును ప్రకటింపవలయును. ప్రతి లిఫ్టు దాక ఎడతెగని నడకబాట వేయవలయును. ప్రతి స్టేషను క్రింది నేలకు బాధ్యుడైన యుద్యోగి పేరు అచ్చటనే వ్రాసియుంచవలయును. ఇవి చేయరాని పనులు కావు. పౌరులారా, ఉపకారముగా నడుగకుడు, హక్కుగా నడుగుడు. పైకెక్కు మార్గము వేసినవారికి నేలపై నడచు మార్గము వేయుట యసాధ్యమా?