క్యూ పొడవు చూసి చదువును కొలుస్తారా?

నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గానో పీజీగానో చేరితే ఎలా ఉంటుందని ఎవరిని అడిగినా వచ్చే జవాబు దాదాపు ఒకటే: పేషెంట్ లోడ్ బాగా ఉంటుంది, చెయ్యి తిరుగుతుంది. లోడ్ విషయంలో అబద్ధమేమీ లేదు. మోస్రా, వర్ని, రుద్రూరు, బోధన్ వైపు పల్లెల్లో గట్టి కేసు ఏదైనా, డబ్బుల్లేనివాళ్లకు చివరికి ఖలీల్‌వాడీలోని ఈ ఆసుపత్రే దిక్కు. ఆ లోడే శిక్షణ అనుకోవడం దగ్గరే నా పేచీ. ఓపీ చీట్ల లెక్క జనానికి ఆసుపత్రి ఎంత అవసరమో చెబుతుంది. చీటీ చూసిన కుర్ర డాక్టరుకు ఎవరు ఏం నేర్పారో అది చెప్పదు.

వరి కోతల కాలంలో ఈ వైపు పాము కాటు కొత్త కాదు. క్యాజువాలిటీలో మొదట చేయాల్సిన పరీక్షకు యంత్రం కూడా అక్కర్లేదు. శుభ్రమైన, తడిలేని గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, అప్పుడు ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం రక్తం మీద పనిచేస్తున్నట్టు; విరుగుడు ఎక్కించాలి. ట్యూబు ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా, తొందరపడి మధ్యలో ఊపినా ఫలితాన్ని నమ్మలేం. కాటు కట్లపాముదైతే మరో చిక్కు: కాటు దగ్గర వాపు ఉండకపోవచ్చు, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కనురెప్పలు వాలుతున్నాయా అని చూడకుండా ‘ఏం లేదులే’ అని పడుకోబెడితే తెల్లారేసరికి ఊపిరి ఆగిపోవచ్చు. నలభై కేసుల్లో ట్యూబును ఊపి చూసిన హౌస్ సర్జన్‌కు వచ్చింది నలభై కేసుల అనుభవమా, ఒకే తప్పు చేతికి పట్టుబడటమా? లాగ్‌బుక్‌లో మాత్రం నలభై గళ్లూ నిండుతాయి. ఆ రాత్రి పక్కన నిలబడి ‘ట్యూబు కింద పెట్టు’ అనే సీనియర్ ఉన్నారా లేదా అన్నది ఏ గడిలోనూ ఉండదు.

శిక్షణ ఎక్కడ పొందారన్నది రోగి ఒంటి మీద తేలుతుందనడానికి ఆధారం ఉంది. 2009లో అమెరికా వైద్య సంఘం పత్రికలో డేవిడ్ యాష్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఫ్లోరిడా, న్యూయార్క్ రాష్ట్రాల్లో 1992 నుంచి 2007 వరకు జరిగిన దాదాపు 49 లక్షల కాన్పులు తీసుకుని, అవి చేసిన డాక్టర్లు ఎక్కడ రెసిడెన్సీ చేశారో జతపరిచి చూశారు. ఫలితాల్లో అట్టడుగు ఐదో వంతు శిక్షణాలయాల నుంచి వచ్చినవాళ్ల చేతిలో తల్లులకు పెద్ద చిక్కులు 13.6 శాతం, పై ఐదో వంతువాళ్ల చేతిలో 10.3 శాతం. డాక్టర్ల లైసెన్సు పరీక్ష మార్కులు లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పెద్దగా మారలేదు. మనమేమో సీటు విలువను నీట్ పీజీ ఆఖరి ర్యాంకుతో కడుతున్నాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటులో 81.5, ప్రభుత్వంలో 44.5. దీనికంతటికీ శిక్షణే కారణమనను, ముహూర్తాలు పెట్టించుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. అయినా లేబర్ రూమ్‌లో మూడేళ్లు గడిపిన పీజీ, నొప్పులు పడుతున్న తల్లి పక్కన గంటలకొద్దీ ఆగి చూడటం నేర్చుకుందా, కత్తి పట్టడమే నేర్చుకుందా అన్నది కాన్పుల సంఖ్యలో కనబడదు కదా.

కేసులే లేనిచోట ఏం నేర్చుకుంటారంటారు. నిజమే, ఖాళీ వార్డులో వైద్యం రాదు. జిల్లాకో కళాశాల తెరిచిన తెలంగాణకు ఈ హెచ్చరిక అవసరం కూడా. కానీ కనీసం ఇన్ని కేసులుండాలన్న హద్దు దాటాక, పైన చేరే ప్రతి వంద కేసులూ నేర్పేవాళ్ల సమయాన్ని ఇంకాస్త తినేస్తాయి. రెండో అభ్యంతరం అధ్యాపక పోస్టుల ఖాళీలు: నేర్పే మనుషులే లేనప్పుడు శిక్షణకు మదింపు దేనికని. మనుషులు లేరని కాగితం మీద తేలేది మదింపు చేస్తేనే. జాతీయ వైద్య కమిషన్ 2025లో ముఖ గుర్తింపు హాజరు తెచ్చింది. అధ్యాపకులు ఆవరణలోకి వచ్చారని దానితో తెలుస్తుంది, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే వార్డుకు వచ్చారా అన్నది తెలియదు. ముదిరిన కేసులన్నీ ఇక్కడికే వస్తాయి కాబట్టి ఫలితాలతో తూచడం అన్యాయం అనేది కొంచెం బరువున్న మాట. దానికి దారి, ఈ ఆసుపత్రిని హైదరాబాద్ గాంధీ ఆసుపత్రితో పోల్చకుండా, అదే తీవ్రత ఉన్న కేసుల్లో దాని నిరుటి ఫలితాలతోనే పోల్చి చూడటం. ఇక రాత్రంతా నిలబడితేనే డాక్టరవుతారనే పాత గొప్ప ఒకటుంది. రెసిడెంట్ల డ్యూటీ వారానికి 48 గంటలని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో కమిషన్ కార్యదళం 74 గంటలు మించొద్దని సిఫారసు చేయాల్సి వచ్చిందంటే, మధ్యలో ఆ మాట ఎంత అమలైందో ఊహించుకోవచ్చు.

కమిషన్ 2021 నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో సామాజిక వైద్యానికి 12 వారాలు. పీజీలకు జిల్లా రెసిడెన్సీ మూడు నెలలు. రెండూ పూర్తయినట్టు పైవాళ్లు సంతకం చేస్తే చాలు. పైవాళ్లు ఎలా నేర్పారో చెప్పమని కిందివాళ్లను కూడా, పేరు బయటపడకుండా, ఏటా అడగాలి. అమెరికాలో రెసిడెన్సీ గుర్తింపు సంస్థ ఏటా రెసిడెంట్లను అడిగేది అదే. వాళ్లతోపాటు లేబర్ రూమ్ స్టాఫ్ నర్సునూ అడగాలి. ఏ పీజీ తెలియనిది తెలియదని ఒప్పుకుని సాయం పిలిచింది, ఏ యూనిట్‌లో పిలిస్తే ఎవరూ రాలేదు అన్నది ఆమెకు ఏ తనిఖీ బృందం కంటే బాగా తెలుసు.