బడి బోరింగే ల్యాబ్: సెలవుల ముందు ఖర్చులేని సైన్స్ ప్రయోగాలు

పరీక్షలు అయిపోయాక, సెలవులకు ముందు రెండు మూడు రోజులు తరగతిలో పాఠం సాగదు. పిల్లల మనసు ఇంటి మీదే ఉంటుంది. ల్యాబ్ లేని బడుల్లో ఆ రోజులు ఊరికే పోతుంటాయి. కానీ నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సైన్స్ చెప్పడానికి ల్యాబ్ కోసం ఆగాల్సిన పనిలేదు. నాలుగు సీసాలు, సబ్బు ముక్క, పటిక ఉంటే చాలు.

మొదటిది నురగ పరీక్ష. ఒక సీసాలో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో నల్లా నీళ్లు సమానంగా పోయాలి. రెండింట్లో ఒకే కొలత సబ్బు తురుము (సర్ఫ్ కాదు) వేసి కుదపాలి. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో నురగ తక్కువ, తెట్టు ఎక్కువ.

రెండోది పటిక, మన ఇళ్లలో ఫిట్కరీ. బురద నీళ్లలో చిటికెడు పొడి కలిపి కదపకుండా ఉంచితే మట్టి అడుక్కి చేరుతుంది. ఈ పటికకే సున్నం, బ్లీచింగ్ పౌడర్ జోడించి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’. టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లిన ఆ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది. నీళ్లు తేటపడ్డాయి కదా, తాగొచ్చా? వద్దు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. నురగ బాగా వచ్చిందనీ నమ్మలేం. కాల్షియం తక్కువున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. అందుకే మూడో పని, ఆ నీళ్లను గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించడం. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందో మర్రిగూడ వైపు పెద్దల ఎముకలు, పిల్లల పళ్ల మీది మరకలు చెబుతాయి.

మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాయి, నిజమే. కానీ నల్లా ఆగిన రోజు ఇంట్లోవాళ్లు బోరు దగ్గరికే పోతే పాత ముప్పు తిరిగొచ్చినట్టే. ఆ రోజు “అమ్మీ, ఈ నీళ్లు టెస్ట్ చేయించారా?” అని అడిగే పిల్ల ఇంట్లో ఉండాలి. ఇరవై రూపాయల ప్రయోగానికి అంతకన్నా లాభం ఏముంటుంది!

జాగ్రత్త: ప్రయోగం చేసిన నీళ్లు తాగనివ్వొద్దు. సున్నం, బ్లీచింగ్ పౌడర్ పిల్లల చేతికి ఇవ్వొద్దు.